ఒకే ప్రశ్న, నాలుగు జవాబులు

కొన్నేళ్ళ క్రితం ఒక కాలేజీలో స్కాలర్‌షిప్పుల మెరిట్ లిస్టు నోటీసు బోర్డుకెక్కింది. ఉన్నవి మూడు స్కాలర్‌షిప్పులు. లిస్టులో మొదటి మూడు పేర్లూ ఆ ఏడు పరీక్షకే హాజరు కాని వాళ్ళవి. ఆ సంగతి అందరికన్నా ముందు కనిపెట్టింది లిస్టు అంటించిన అటెండరు. "సార్, ఈసారి పరీక్ష రాయనోళ్ళకి ఫస్టు వచ్చిందండీ" అని నవ్వుతూ వచ్చి చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. ఆ లిస్టు తీసే ప్రోగ్రాం రాసింది నేనే.

నాలుగేళ్ళుగా అదే ప్రోగ్రాం అదే లిస్టును ఒప్పుగా ఇస్తూ వచ్చింది. అందులో ఒక్క అక్షరం మార్చలేదు. మారిందల్లా దాని అడుగున ఉన్న డేటాబేస్. ఏ కంపెనీ డేటాబేస్ నుంచి ఏ కంపెనీ దానికి మారామో ఇక్కడ చెప్పను, ఎందుకంటే తప్పు ఆ రెంటిలో దేనిదీ కాదు. నాలుగో పేరుగా ఉన్న అమ్మాయి అప్పటికే బోర్డు చూసుకొని ఊరికి వెళ్ళిపోయింది. మర్నాడు వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి, "పొరపాటు మాదేనండీ, మీ అమ్మాయే ఫస్టు" అని చెప్పవలసి వచ్చింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇక చదివించలేనమ్మా అని నిన్న రాత్రే దానితో అన్నానండీ" అన్నారు.

ఆ ఫోను పెట్టేసిన తర్వాత నేను నేర్చుకున్న పాఠమే ఈ వ్యాసం. మన మిత్రుల్లో చాలామంది రేపు ఏదో ఒక కంపెనీలోనో, ఆఫీసులోనో డేటాబేసులతో పని చెయ్యబోయేవాళ్ళే. ఆరకిల్ మంచిదా, మైక్రోసాఫ్ట్ వారి యస్.క్యూ.యల్. సర్వర్ మంచిదా, డి.బి.2 మంచిదా, ఊరికే దొరికే పోస్ట్‌గ్రెస్, మైసీక్వెల్ చాలవా అని క్యాంటీన్‌లో వాదించుకొంటూనే ఉంటారు. "ఏది వేగంగా పరుగెత్తుతుంది" అన్న దగ్గరే ఆ వాదన ఆగిపోవటం నేను చూశాను. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఒకే ప్రశ్నను ఒకే మాటల్లో అడిగితే ఇవన్నీ ఒకే జవాబు చెబుతాయా?

చెప్పవు. ఎందుకు చెప్పవో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి.

1970 లో ఐ.బి.యం. సంస్థ శాన్‌హోసే పరిశోధనాశాలలో పనిచేస్తున్న ఇ. యఫ్. కాడ్ అనే గణితజ్ఞుడు, సమాచారాన్నంతా పట్టికల రూపంలో ఉంచవచ్చుననీ, దాన్ని ఎక్కడ ఎలా దాచారన్న గొడవ ప్రోగ్రాం రాసేవాడికి అక్కర్లేదనీ ప్రతిపాదించాడు. ఆ ఊహను నిజం చెయ్యటానికి అదే సంస్థలో సిస్టమ్ ఆర్ అనే ప్రయోగం నడిచింది. 1974 లో డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు ఆ పట్టికలను ప్రశ్నించటానికి సీక్వెల్ అనే భాషను తయారుచేశారు. ట్రేడ్‌మార్కు చిక్కు వచ్చి ఆ పేరే తర్వాత యస్.క్యూ.యల్. అయింది. దాదాపు అదే కాలంలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ బృందం ఇంగ్రెస్ అనే మరో డేటాబేస్ కట్టింది. దాని భాష క్వెల్, అది పూర్తిగా వేరు.

ఇంతలో 1977 లో మొదలైన ఒక చిన్న సంస్థ, ఐ.బి.యం. వాళ్ళు ప్రచురించిన పరిశోధన వ్యాసాలు చదివి, ఐ.బి.యం. కన్నా ముందే 1979 లో యస్.క్యూ.యల్. డేటాబేస్‌ను అమ్మకానికి పెట్టింది. అదే ఆరకిల్. ఐ.బి.యం. వారి డి.బి.2 1983 లో గాని వెలువడలేదు. 1984 లో సైబేస్ సంస్థ పుట్టింది. దాని పునాది మీదనే 1989 లో మైక్రోసాఫ్ట్ యస్.క్యూ.యల్. సర్వర్ వచ్చింది. పోతే, యస్.క్యూ.యల్. ఇట్లా ఉండాలి అని అమెరికా ప్రమాణాల సంస్థ ఒక ప్రమాణం ప్రకటించింది ఎప్పుడు? 1986 లో! అంటే పెళ్ళి అయి పిల్లలు పుట్టాక ముహూర్తం పెట్టినట్టు. అప్పటికే ఎవరి సరుకు వారు అమ్ముకున్నారు, ఎవరి ఖాతాదారులు వారికి ఉన్నారు. ప్రమాణానికి ఒప్పుకొని పాత అలవాటు మార్చుకొంటే, పాత ఖాతాదారుల ప్రోగ్రాములు విరిగిపోతాయి. అందుకని ఒప్పుకొన్నంత ఒప్పుకొని, మిగతాది అట్లాగే ఉంచేశారు. 1992 లో ప్రమాణాన్ని బాగా పెంచారు. ఏ కంపెనీ సరుకు దానికి ఎంతవరకు సరిపోతుందో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చేది. 1990ల నడిమి కాలానికి ఆ పరీక్ష కూడా ఆగిపోయింది.

ఆనపకాయా, కుంచమూ

ఈ డేటాబేసుల మధ్య తేడాలు రెండు రకాలు. ఒక రకం ఆనపకాయ లాంటిది. కోస్తాలో ఆనపకాయ అంటారు, మరోచోట సొరకాయ అంటారు. వస్తువు ఒకటే. కొత్త ఊళ్ళో సంతలో ఆనపకాయ అని అడిగితే అమ్మే ఆమె "ఏంటది?" అంటుంది, అంతే. నష్టమేమీ లేదు, మాట మార్చి అడుగుతాం. రెండో రకం కుంచం లాంటిది. కుంచం అన్న మాట అన్ని జిల్లాల్లోనూ ఉండేది, కొలత మాత్రం ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉండేది. నాలుగు కుంచాలు అని అడుగుతావు, వాడు నాలుగు కుంచాలే కొలుస్తాడు, ఎవరూ అబద్ధమాడలేదు. ఇంటికి వచ్చి చూసుకొంటే గాని తక్కువైందని తెలియదు. తెలియకనే పోవచ్చు కూడా.

మొదటి రకం తేడాల గురించి పుస్తకాలు పేజీలకు పేజీలు రాస్తాయి. మొదటి పది వరుసలు మాత్రమే కావాలంటే మైసీక్వెల్, పోస్ట్‌గ్రెస్ 'లిమిట్' అంటాయి, యస్.క్యూ.యల్. సర్వర్ 'టాప్' అంటుంది, డి.బి.2 'ఫెచ్ ఫస్ట్' అంటుంది. ఈ చివరిదే 2008 ప్రమాణంలోకి ఎక్కింది, ఆరకిల్ కూడా 2013 లో దాన్ని ఒప్పుకొంది. ఇవాళ్టి తేదీ అడగటానికి ఒకచోట 'సిస్‌డేట్', మరోచోట 'గెట్‌డేట్'. ఇట్లాంటివి తప్పుగా రాస్తే డేటాబేస్ వెంటనే గోల చేస్తుంది. సరిదిద్దుకొంటాం. దీని కోసం నిద్ర చెడగొట్టుకోనక్కర లేదు.

కుంచం తేడాలే కొంప ముంచేవి. నా మెరిట్ లిస్టు సంగతే చూడండి. పరీక్షకు రాని విద్యార్థికి మార్కులు సున్నా కాదు, మార్కులు 'లేవు'. ఈ లేకపోవటాన్ని డేటాబేస్‌లో నల్ అంటారు. మార్కుల వరుసలో ఎక్కువ నుంచి తక్కువకు పేర్చమంటే ఈ నల్‌ను ఎక్కడ పెట్టాలి? ప్రమాణం ఈ ప్రశ్నను నిర్మాతలకే వదిలేసింది. నల్‌లన్నీ అన్ని విలువల కన్నా పెద్దవిగా గాని, అన్నిటి కన్నా చిన్నవిగా గాని ఎంచుకోండి, మీ ఇష్టం అంది. ఆరకిల్, పోస్ట్‌గ్రెస్, డి.బి.2 నల్‌ను పెద్దదిగా ఎంచుతాయి. యస్.క్యూ.యల్. సర్వర్, మైసీక్వెల్ చిన్నదిగా ఎంచుతాయి. కాబట్టి ఎక్కువ మార్కుల నుంచి దిగువకు పేరిస్తే, రెండో జట్టులో పరీక్ష రాయనివాళ్ళు అడుగున ఉంటారు, మొదటి జట్టులో తల మీదికెక్కుతారు! మేము ఈ జట్టు నుంచి ఆ జట్టుకు మారాం, అంతే జరిగింది. 'నల్స్ లాస్ట్' అని చెప్పే వీలు ప్రమాణంలో తర్వాత వచ్చింది గాని అది అన్నిచోట్లా పనిచెయ్యదు. ఎక్కడైనా పనిచేసే మార్గం ఒకటే. "మార్కులు నల్ అయితే 1, లేకపోతే 0" అని 'కేస్' వాక్యంతో ఒక లెక్క కట్టి, ముందు దాని ప్రకారం, తర్వాత మార్కుల ప్రకారం పేర్చమనాలి. లేదా, అసలు పరీక్ష రాయనివాళ్ళను మెరిట్ లిస్టులోకే రానివ్వకూడదు. ఆ మాట ముందే రాయకపోవటం నా తప్పు. డేటాబేస్ అలవాటే నా తప్పును నాలుగేళ్ళు కప్పిపెట్టింది.

హాజరు శాతం మరొక ఉదాహరణ. అరవై రోజుల్లో నలభై అయిదు రోజులు వచ్చాడు. నలభై అయిదును అరవైతో భాగించి నూరుతో హెచ్చవేస్తే డెబ్భై అయిదు శాతం, గట్టెక్కాడు. ఆరకిల్‌లోనూ మైసీక్వెల్‌లోనూ ఇదే జవాబు. యస్.క్యూ.యల్. సర్వర్, పోస్ట్‌గ్రెస్, డి.బి.2 మాత్రం పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యతో భాగిస్తే పూర్ణసంఖ్యే ఇస్తాయి. 45/60 అంటే సున్నా. దాన్ని నూరుతో కాదు, వెయ్యితో హెచ్చవేసినా సున్నాయే. కాలేజీ అంతా డిటెయిన్! ఇది కొట్టవచ్చినట్టు కనబడుతుంది కాబట్టి పట్టుకోవచ్చు. కాని మూడు సబ్జెక్టుల మార్కుల సగటు 59.67 కు బదులు 59 అని వస్తే ఎవరు పట్టుకొంటారు? 100 అని కాకుండా 100.0 అని రాసి, ముందు హెచ్చవేసి తర్వాత భాగిస్తే ఎక్కడైనా సరైన లెక్క వస్తుంది.

ఇంటిపేరు, పేరు

మన తెలుగువాళ్ళకు మాత్రమే ప్రత్యేకంగా తగిలే చిక్కులు కొన్ని ఉన్నాయి. హాల్ టికెట్టు మీద ఇంటిపేరు, ఖాళీ, పేరు కలిపి అచ్చు వెయ్యాలి. కలపటానికి ప్రమాణం చెప్పిన గుర్తు || (రెండు నిలువు గీతలు). ఇంటిపేరు గడి నింపని విద్యార్థి ఒకడున్నాడనుకోండి, అక్కడ నల్ ఉంది. ప్రమాణం ప్రకారం నల్‌తో ఏది కలిపినా నల్ అవుతుంది. కాబట్టి పోస్ట్‌గ్రెస్‌లో ఆ అబ్బాయి పేరు మొత్తం మాయం. ఆరకిల్ మాత్రం నల్‌ను ఖాళీగా భావించి ఒక్క పేరును అచ్చు వేస్తుంది. యస్.క్యూ.యల్. సర్వర్‌లో కలపటానికి అలవాటుగా + గుర్తు వాడతారు. ఇక మైసీక్వెల్, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, ఆ రెండు గీతలను 'లేదా' అన్న అర్థంలో తీసుకొంటుంది. ఇంటిపేరు లేదా పేరు అంటే, రెండూ అంకెలు కావు కాబట్టి సున్నా అంటుంది. హాల్ టికెట్టు మీద పేరుకు బదులు సున్నా!

ఆరకిల్ ఇంకొక అడుగు ముందుకు వేసింది. దానికి ఖాళీ మాటకూ నల్‌కూ తేడా లేదు. "ఈ విద్యార్థికి ఇంటిపేరు లేదు" అన్నదీ, "ఇంటిపేరు మాకు తెలియదు" అన్నదీ దాని దృష్టిలో ఒకటే. ఇంటిపేరు ఖాళీగా ఉన్నవాళ్ళను చూపించమని ఖాళీ మాటతో పోలిస్తే ఒక్కడూ రాడు, ఎందుకంటే నల్ దేనికీ సమానం కాదు. ఈ పద్ధతి భవిష్యత్తులో మారవచ్చునని ఆరకిల్ వారి పుస్తకాల్లోనే ఏళ్ళ తరబడి రాస్తున్నారు గాని మార్చింది లేదు.

పేరు తెలుగు లిపిలోనే దాచాలనుకొంటే? 'సుబ్బారావు' అన్న మాటలో యూనికోడ్ ప్రకారం పది గుర్తులున్నాయి (గుణింతపు గుర్తులూ, ఒత్తుకు వాడే పొల్లూ కలిపి). యు.టి.యఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు, మొత్తం 30 బైట్లు. పేరుకు ఇరవై చాలులే అనుకొని గడి పెట్టాం. పోస్ట్‌గ్రెస్, మైసీక్వెల్ ఆ ఇరవైని అక్షరాలుగా లెక్కపెడతాయి, సుబ్బారావు హాయిగా ఇముడుతాడు. ఆరకిల్ మనం వేరే చెప్పకపోతే బైట్లుగా లెక్కపెడుతుంది, సుబ్బారావు పట్టడు, తిప్పి పంపిస్తుంది. తిప్పి పంపటం మంచిదే, తెలుస్తుంది. యస్.క్యూ.యల్. సర్వర్‌లో మామూలు వర్‌చార్ గడిలో తెలుగు పేరు వేస్తే అది తిప్పి పంపదు. తెలుగు లిపికి పాత కోడ్ పేజీ లేదు కాబట్టి పది ప్రశ్నార్థకాలు రాసి పెట్టుకొంటుంది. అసలు పేరు పోయింది, మళ్ళీ రాదు. 2019 వెర్షన్‌లో యు.టి.యఫ్.-8 ఎంచుకొనే వీలు కల్పించారు. అంతకు ముందైతే యన్‌వర్‌చార్ అనే వేరే రకం గడే గతి. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి "బ్రహ్మాండంగా నడుస్తోంది" అని చెప్పేవాళ్ళకు ఇది ఎన్నడూ కనబడదు.

ఒక మంచం, ఇద్దరు విద్యార్థులు

ఇప్పటిదాకా చెప్పినవి ఒక్కడు కూర్చుని పరీక్షిస్తే బయటపడే తేడాలు. ఇద్దరు ఒకేసారి పనిచేస్తే గాని బయటపడనివి ఇంకా ప్రమాదకరం. ఇది కొంచెం నెమ్మదిగా చదవవలసిన భాగం.

హాస్టల్‌లో పన్నెండో గదిలో ఒక్క మంచం మిగిలింది. రెండు కౌంటర్ల దగ్గర ఇద్దరు గుమస్తాలు. ప్రోగ్రాం ఇట్లా రాశాం: ముందు విద్యార్థి పేరును ఆ గదికి చేర్చు. తర్వాత ఆ గదిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు. పరిమితి మించకపోతే ఖాయం చెయ్యి, మించితే చేర్చింది తీసెయ్యి. చూడటానికి తర్కంలో లోపం లేదు. మొదటి గుమస్తా ఒక పేరు చేర్చాడు, ఇంకా ఖాయం చెయ్యలేదు. అదే క్షణంలో రెండో గుమస్తా మరో పేరు చేర్చాడు. ఇప్పుడు ఇద్దరూ లెక్కపెడుతున్నారు.

యస్.క్యూ.యల్. సర్వర్ అలవాటు ప్రకారం, ఖాయం కాని వరుస మీద తాళం ఉంటుంది. దాన్ని చదవబోయినవాడు తాళం తీసేదాకా ఆగాలి. ఇక్కడ ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగుతారు. డేటాబేస్ ఆ పీటముడిని గమనించి ఒకరి పనిని రద్దు చేస్తుంది. రెండోవారికి మంచం దక్కుతుంది. చిరాకే గాని న్యాయం జరిగింది. ఆరకిల్‌లో ఏమవుతుంది? 1984 నాటి నాలుగో వెర్షన్ నుంచి ఆరకిల్ సిద్ధాంతం ఒకటే. చదివేవాడు రాసేవాడి కోసం ఆగడు. ఖాయం కాని మార్పును వేరేవాళ్ళకు చూపించదు, పాత సంగతినే చూపిస్తుంది. కాబట్టి ఎవరికి వారికి తాము చేర్చిన పేరొక్కటే కనబడుతుంది. ఇద్దరి లెక్కా సరిపోతుంది. ఇద్దరూ ఖాయం చేస్తారు. సాయంత్రం రెండు పెట్టెలతో ఇద్దరు కుర్రాళ్ళు ఒకే మంచం దగ్గర నిలబడతారు.

ఇందులో ఏది మంచి పద్ధతి? రెండూ మంచివే. వందలమంది ఒకేసారి చదివే చోట ఆరకిల్ పద్ధతి వల్ల పని ఆగకుండా సాగుతుంది. పోస్ట్‌గ్రెస్ కూడా అదే దారి పట్టింది. తర్వాత 2005 లో యస్.క్యూ.యల్. సర్వర్ కూడా ఆ పద్ధతిని ఒక మీటలాగా పెట్టింది, కావలసినవాళ్ళు వేసుకోవచ్చు. 2009 లో వచ్చిన 9.7 వెర్షన్‌లో డి.బి.2 కూడా కొత్త డేటాబేసులకు ఖాయమైన పాత సంగతిని చూపించే పద్ధతిని పెట్టింది. అంటే పేరు ఒకటే అయినా వెర్షన్‌ను బట్టీ, మీటను బట్టీ ప్రవర్తన మారుతుంది. అందువల్ల "మాది ఫలానా డేటాబేస్" అంటే చాలదు. ఏ వెర్షనో, ఏ మీట ఎక్కడుందో కూడా అడగాలి.

అన్నిచోట్లా నిలిచే మార్గం ఉంది. గదుల పట్టికలో ఖాళీల సంఖ్య ఉంచి, "పన్నెండో గదిలో ఖాళీ సున్నా కన్నా ఎక్కువ ఉంటే ఒకటి తగ్గించు" అని ఒకే 'అప్‌డేట్' వాక్యం ముందుగా పంపాలి. ఎన్ని వరుసలు మారాయని అడగాలి. ఒకటి మారితే మంచం దక్కింది, సున్నా అయితే దక్కలేదు. రాసేవాడు మరొక రాసేవాడి కోసం ఆగటం మాత్రం వీటన్నిటిలోనూ సమానం. మామూలు అమరికలో ఆగినవాడు లేచాక తాజా విలువను బట్టే తేల్చుకొంటాడు. చూసి తర్వాత రాయటానికి బదులు, రాస్తూ చూడటం అన్నమాట.

పోలిక ఎట్లా పెట్టాలి

వేగం గురించి కూడా రెండు మాటలు. 1983 లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డెవిట్, మరో ఇద్దరు కలిసి కొన్ని డేటాబేసులను ఒకే ప్రశ్నలతో పరీక్షించి, పేర్లతో సహా ఫలితాలు ప్రకటించారు. దాని తర్వాత కొన్ని కంపెనీల లైసెన్సుల్లో, తమ అనుమతి లేకుండా పరీక్షా ఫలితాలు ప్రచురించరాదన్న షరతు చేరింది. ఆ షరతును ఇవాళ్టికీ డెవిట్ క్లాజు అనే పిలుస్తారు. పరీక్ష పెట్టిన మాస్టారి పేరు పరీక్షల నిషేధానికి పెట్టటం కంప్యూటర్ లోకపు వింతల్లో ఒకటి. 1985 లో జిమ్ గ్రే, మరికొందరు కలిసి బ్యాంకు లావాదేవీల నమూనాతో ఒక పరీక్షను ప్రతిపాదించారు, అదీ పేర్లు వేసుకోకుండా. 1988 లో కంపెనీలన్నీ కలిసి టి.పి.సి. అనే మండలిగా ఏర్పడ్డాయి. 1992 లో ఆ మండలి తెచ్చిన టి.పి.సి.-సి పరీక్షలో ఒక టోకు వ్యాపారి ఆర్డర్లు, చెల్లింపులు, బట్వాడాలు, నిల్వలు ఉంటాయి. నిమిషానికి ఎన్ని ఆర్డర్లన్నదే కాక, ఒక్కొక్క ఆర్డరు సామర్థ్యానికి ఎంత ఖర్చయిందో కూడా చెప్పాలి. నాకు నచ్చింది ఆ రెండో అంకె. కాని గుర్తుంచుకోండి, ఆ అంకెలు ఆ కంపెనీల ఉద్దండ పండితులు నెలల తరబడి సవరించి సాధించినవి. మన కాలేజీ ఫీజుల ప్రోగ్రాం అట్లా పరుగెత్తాలని రూలేమీ లేదు.

ఇక వలసకు తట్టుకొనే ప్రోగ్రాం రాయటం ఎట్లా అన్నది. 1992 లో ఓ.డి.బి.సి., 1997 లో జావా వాళ్ళ జె.డి.బి.సి. వచ్చాయి. వీటితో ఒకే పద్ధతిలో ఏ డేటాబేస్‌నైనా పిలవవచ్చు. చాలామంది దీనితో సమస్య తీరిపోయిందనుకొంటారు. ఇవి ఫోను లైను వంటివి. లైను కలుపుతాయి గాని అవతలివాడి భాషను మార్చవు. పైన చెప్పిన కుంచాల్లో ఒక్కటి కూడా వీటివల్ల సరిపోదు.

ఈ పనిని అన్నిటికన్నా పెద్ద ఎత్తున చేసి చూపించింది జర్మనీకి చెందిన శాప్ సంస్థ. 1992 లో వచ్చిన వాళ్ళ ఆర్/3 ప్యాకేజీ ఆరకిల్, ఇన్‌ఫర్మిక్స్, డి.బి.2, యస్.క్యూ.యల్. సర్వర్ వంటి వాటిలో ఖాతాదారుకు ఇష్టమైన దాని మీద నడిచేది. వాళ్ళు చేసిందేమంటే, ప్రోగ్రాములు రాసేవాళ్ళకు 'ఓపెన్ యస్.క్యూ.యల్.' అని తమ సొంత భాష ఇచ్చి, దాన్ని ఆయా డేటాబేసుల యాసలోకి మార్చే పొరను మధ్యలో పెట్టారు. తాళాల విషయంలో డేటాబేస్‌ను నమ్మకుండా సొంతంగా ఒక తాళాల సర్వర్ నడిపారు. నల్‌తో తంటా లేకుండా గడులను నల్ ఒప్పుకోనివిగా పెట్టి, ఖాళీ మాటకు బదులు ఒక ఖాళీ అక్షరం దాచారు, ఆరకిల్ ఖాళీని నల్‌గా మింగెయ్యకుండా! అంటే డేటాబేసుల మధ్య తేడా ఉన్న చోటల్లా డేటాబేస్‌ను వాడటం మానేసి ఆ పని తామే చేసుకొన్నారు. ఖాతాదారు లక్షలు పోసి కొన్న సౌకర్యాలు ఆ మేరకు మూలపడ్డాయన్నమాటే. చివరికి 2015 లో వచ్చిన యస్/4 హానా తమ సొంత హానా డేటాబేస్ మీద తప్ప మరి దేని మీదా నడవదు. ఇరవై ఏళ్ళకు పైగా అందరితో సర్దుకుపోయిన సంస్థే విసిగి సొంత ఇల్లు కట్టుకొంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది, ఒప్పుకోనివాళ్ళు క్యాంటీన్‌లో కలవవచ్చు. పదిమందికి అమ్మే ప్యాకేజీ రాసేవాడు వలసకు సిద్ధంగా రాయక తప్పదు. ఒక్క ఆఫీసుకు, ఒక్క డేటాబేస్ మీద రాసేవాడు మాత్రం ఎన్నడో రాబోయే మార్పును తలచుకొని అన్నిటికీ సరిపడే చప్పిడి యస్.క్యూ.యల్. రాయటం దండగ. డబ్బు పెట్టి కొన్నదాన్ని వాడుకోవాలి. అయితే ఆ డేటాబేస్‌కు ప్రత్యేకమైన వాక్యాలన్నీ ప్రోగ్రాంలో ఒకేచోట, ఒకే ఫైలులో ఉంచాలి, నూరు చోట్ల చల్లకూడదు. నల్ ఎక్కడ పోవాలో, భాగహారం ఎట్లా జరగాలో నోరు విప్పి రాయాలి, అలవాటుకు వదలరాదు. విలువలను వాక్యంలో అతికించకుండా విడిగా పంపాలి, దానివల్ల తేదీల గొడవ చాలావరకు తగ్గుతుంది. పాత డేటాబేస్ ఇచ్చిన జవాబులను దాచి ఉంచి, మారిన రోజున కొత్తదాని జవాబులతో వరుస వరుసా పోల్చాలి. మెరిట్ లిస్టు సంగతిలో ఆ చివరి పని చేసి ఉంటే నాకు అరగంట పట్టేది.

మన ల్యాబులో పోస్ట్‌గ్రెస్, మైసీక్వెల్ రెండూ ఉచితంగా వేసుకోవచ్చు. ఆరకిల్, యస్.క్యూ.యల్. సర్వర్‌లకు కూడా నేర్చుకొనేవాళ్ళ కోసం ఉచిత కూర్పులున్నాయి. పది వరుసల పట్టిక ఒకటి చేసి, ఇద్దరికి మార్కులు నల్ పెట్టండి, ఒకరికి ఇంటిపేరు ఖాళీ వదలండి, అందరి పేర్లూ తెలుగులో రాయండి. మార్కుల ప్రకారం పేర్చటం, సగటు, పేర్లు కలపటం, ఖాళీ ఇంటిపేరును వెతకటం, ఈ నాలుగు ప్రశ్నలూ రెండు డేటాబేసులకు వెయ్యండి. తర్వాత రెండు తెరలు పక్కపక్కన తెరిచి ఆ హాస్టల్ మంచం పరీక్ష చెయ్యండి, ఒకరు ఒక తెర, మీ స్నేహితుడు మరొక తెర. ముందుగా ఏ జవాబు వస్తుందనుకొన్నారో కాగితం మీద రాసి పెట్టుకొని, ఆ తర్వాతే ఎంటర్ మీట నొక్కండి.